క్విడో వంతు

భర్తను భూస్థాపన చేసే రోజు ఉదయం ఒటీలియా మామూలుకంటే ముందే లేచింది. పొయ్యి రాజేసింది. పిల్లికి పాలు పోసింది. క్విడో తెల్ల చొక్కాని, కాలరు మడత చెడకుండా, శ్రద్ధగా ఇస్త్రీ చేసింది. చొక్కా కొక్కేనికి తగిలించాక గుర్తొచ్చింది, ఆ మనిషికి మొన్ననే వేరే చొక్కా తొడిగి పంపించేశారని. ఇస్త్రీపెట్టె చల్లారేదాకా దాని పక్కనే నిలబడింది. ఏడుపు రాలేదు. ఆయన పోయినప్పటినుంచీ రావడం లేదు. వీధిలో ఆడవాళ్ళు వచ్చి, ఆమె వంతు కూడా వాళ్ళే ఏడ్చి వెళుతున్నారు.

ఆ రోజుకి ఆమె అనుకున్న కార్యక్రమం చాలా చిన్నది. పది గంటలకి సమాధుల తోట పక్కనున్న వీడ్కోలు మందిరంలో జనం చేరతారు. ఫాదర్ మెటోదేయ్ క్లుప్తంగా నాలుగు మాటలు చెబుతాడు. క్లుప్తంగా అని ఆయనకి రెండుసార్లు చెప్పి వచ్చింది. తర్వాత స్కౌమాల్ సంగీత రచనలో నెమ్మదిగా సాగే విలంబ భాగం వాయిస్తారు. తర్వాత మట్టి. ఆ తర్వాత సత్రంలో భోజనం. ఇందులో తప్పు జరగడానికి ఏముంది?

స్కౌమాల్ అంటే ఆ యాసెన్‌కా ఊళ్ళోనే నూట పాతికేళ్ళ కిందట బడిపంతులుగా బతికిన మనిషి. పగలు పిల్లలకి ఎక్కాలు చెప్పి, సాయంత్రాలు స్వరాలు రాసుకునేవాడు. ఆయన జీవితంలో చెప్పుకోదగ్గది ఒక్కటే రాశాడు. పియానో, వయొలిన్, వయోలా, చెలో, నాలుగూ కలిసి వాయించే రచన. పక్క ఊరివాళ్ళకి కూడా దాని సంగతి తెలియదు. క్విడోకి మాత్రం అది ప్రాణం. దానికి కారణముంది. వయోలా వయొలిన్‌కి అక్కలాంటిది. ఒళ్ళు కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురుది. ఎవరి రచనలో చూసినా దానిది తోడిపెళ్ళికొడుకు బతుకే. పెళ్ళికొడుకు పక్కనే కూర్చుంటుంది, అక్షింతలు కూడా నాలుగు పడతాయి, పెళ్ళి మాత్రం ఇంకొకరిది. స్కౌమాల్ పంతులు స్వయంగా వయోలా వాయించేవాడు కాబట్టి కసి తీర్చుకున్నాడు. విలంబ భాగంలో పాటంతా వయోలాకే రాసిపెట్టాడు. మొదటినుంచి చివరిదాకా అది పాడుతూ ఉంటే, మిగతా ముగ్గురూ ఊకొట్టడమే.

ముప్ఫై ఏళ్ళుగా ప్రతి గురువారం సాయంత్రం ఒటీలియా ముందుగదిలో నలుగురు చేరేవారు. సంగీత పాఠశాలలో పిల్లలకి పియానో నేర్పి రిటైరైన ఒటీలియా. భూముల సర్వే ఆఫీసులో పనిచేసిన క్విడో. మనిషంత ఉండే పెద్ద వయొలిన్, చెలో, వాయించే పళ్ళ డాక్టరు లాద్‌మాన్. వయొలిన్ వాయించే రాదానా, తపాలా ఆఫీసులో ఉద్యోగం, నలుగురిలోకీ చిన్నది, అంటే యాభై దాటింది. ఏం వాయించినా చివర్న స్కౌమాల్ విలంబ భాగం వాయించి, ప్లమ్ పళ్ళ సారా తలా ఒక గుక్క తాగి, ఇళ్ళకి పోయేవారు.

"మరి క్విడో వంతు ఎవరు వాయిస్తారు వదినా?" అని అడిగాడు డాక్టరు, క్విడో పోయిన మర్నాడు.

"ఎవరూ వాయించరు."

"పాటంతా వాడిదే కదా! మనం ముగ్గురం ఊకొడుతూ కూర్చుంటే, కథ చెప్పేదెవరు?"

"కుర్చీ వేస్తాం. దాని మీద ఆయన వయోలా పెడతాం. తెలిసినవాళ్ళు మనసులో పాడుకుంటారు."

"తెలిసినవాళ్ళం మనం ముగ్గురమే."

"చాలు."

డాక్టరు పళ్ళు పీకడంలో ఎంత ధైర్యవంతుడో, ఒటీలియాతో వాదించడంలో అంత పిరికివాడు.

ఆ సాయంత్రమే గుమ్మంలోకి ఇంకో ఇద్దరు వచ్చి, టోపీలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ముందున్నవాడు మహూల్కా. ఊరి అగ్నిమాపక దళానికి పెద్ద, ఆ దళంవాళ్ళే వాయించే ఇత్తడి బ్యాండుకి కూడా పెద్ద. వెనకున్నవాడు మాంసం కొట్టు ఇగ్నాత్స్, ఆ బ్యాండులో బూర ఊదేవాడు.

"టీచరమ్మా, శుక్రవారం మేం కూడా కాస్త..."

"వద్దు మహూల్కా. మీ ఇత్తడి మోతంటే ఆయనకి తలనొప్పి. పండగలకి మీరు మా వీధిలోకొస్తే చెవుల్లో దూది పెట్టుకునేవారు."

"అది కాదమ్మా, ఆయనే..."

"అవును, ఆయనే అనేవారు. నేనూ అదే అంటున్నాను. ఏమనుకోకండి."

తలుపు వేసేసింది. ఇద్దరూ టోపీలు కాసేపు ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుని వెళ్ళిపోయారు.

శుక్రవారం ఉదయం అలా ఇస్త్రీపెట్టె చల్లారిన కాసేపటికి రాదానా పరుగెత్తుకుంటూ వచ్చింది. పూలు సర్దడానికి ముందుగా మందిరానికి వెళ్ళిన మనిషి.

"అక్కా! అక్కడ పియానో లేదు!"

"లేకపోవడమేమిటే? నేను ఫోన్ చేసి అడిగాను. 'వాయించడానికి ఉందా' అంటే, 'ఉందమ్మా, కొత్తది, మొన్ననే వచ్చింది, మీట నొక్కితే చాలు' అన్నాడు ఆ కాపలాదారు."

"అది టేప్‌రికార్డరక్కా."

"పాత పియానో ఏమైంది?"

"చెమ్మకి ఉబ్బిపోయిందిట. పోయిన చలికాలం పొయ్యిలో పెట్టేశారు."

అప్పటికే చెలో వీపున వేసుకుని వచ్చిన డాక్టరు, ముందుగదిలో ఉన్న నల్లటి నిలువు పియానో వైపు చూసి, "దీన్నే పట్టుకుపోదాం" అన్నాడు. అన్న మరుక్షణమే ఎవరు మోస్తారన్న ప్రశ్న ముగ్గురికీ వచ్చింది. ఆ ఊళ్ళో అంత బరువు మోయగల మనుషులూ, అంత పెద్ద బండీ ఒక్కచోటే ఉన్నాయి. డాక్టరు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. రాదానా పిల్లిని ఎత్తుకుంది. ఫోన్ ఒటీలియాయే చేసింది.

"మహూల్కా, మీతో పని పడింది."

"వాయించమంటారా?" అవతలి గొంతులో ఆశ వినిపించింది.

"మొయ్యమంటాను."

"అంటే వాయించడానికి పనికిరాం గానీ మొయ్యడానికి పనికొస్తామన్నమాట."

"అవును." ఆమెకి అబద్ధం చెప్పడం అలవాటు లేదు.

"సరేనమ్మా. క్విడోగారి కోసం వస్తాం. కానీ మావాళ్ళు యూనిఫారాల్లో ఉన్నారు. బూరలు కూడా తెస్తారు. ఊదరు. పట్టుకుని నుంచుంటారు."

"పట్టుకుని నుంచోండి."

ఎనిమిది మంది వచ్చారు. ఆమె పుట్టకముందునుంచీ ఆ గదిలోనే ఉన్న పియానో, కదిలించేసరికి లోపల్నుంచి మూలిగింది. దాన్ని అగ్నిమాపక యంత్రం వెనక ఎక్కించి, తాడు చాలకపోతే నీళ్ళ గొట్టంతో చుట్టి కట్టారు. ముందు సీట్లో మహూల్కా, ఒటీలియా, డాక్టరు ఇరుక్కుని కూర్చున్నారు. డాక్టరు చెలోని ఎవరి చేతికీ ఇవ్వడు కనక, అది ఆయన మోకాళ్ళ మధ్య నాలుగో మనిషిలా కూర్చుంది. మలుపు దగ్గర బండి ఊగేసరికి చెలో తల ముందుకి వాలి, ఎర్రటి మీట మీద పడింది.

సైరన్ మొదలైంది.

"ఆపండి!" అని అరిచింది ఒటీలియా.

"మొదలైతే మధ్యలో ఆగదమ్మా! దానంతటదే ఆగాలి. పై నుంచి వచ్చిన ఏర్పాటు!" అని అంతకంటే గట్టిగా అరిచాడు మహూల్కా.

నవంబరు పొగమంచులో ఊరి కిటికీలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. రొట్టెల కొట్టు దగ్గర, వీడ్కోలు మందిరం తగలబడుతోందిట అన్నారు. చర్చి దగ్గరికి వచ్చేసరికి, క్విడో పెట్టెతో సహా అన్నారు. సంత వీధిలో ఒక పెద్దావిడ బండి మీద నీళ్ళ గొట్టం చుట్టుకుని వెళుతున్న పియానోని కళ్ళారా చూసింది. ఆవిడ ద్వారా అసలు సంగతి ఊరంతా పాకింది. "పాపం, టీచరమ్మ దుఃఖం పట్టలేక పియానోకి నిప్పంటించిందిట! ఆర్పుకుంటూ తీసుకుపోతున్నారు!" ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా బకెట్లు పట్టుకుని బయల్దేరారు. క్విడో మితభాషి. అతని భూస్థాపనకి నలభై మంది వస్తే గొప్ప అనుకున్నారు. సగం ఊరు వచ్చింది, నీళ్ళతో సహా.

మందిరం తలుపులు రెండు రెక్కలవి. రెండూ బార్లా తెరిచారు. డాక్టరు చెలోతో ముందుగా లోపలికి వెళ్ళి, పెట్టె పక్కన కుర్చీ వేసి, దాని మీద క్విడో వయోలాని పడుకోబెట్టాడు. బయట బ్యాండువాళ్ళు బూరలు గడ్డి మీద వరసగా పెట్టారు. వాటి చివర్న పెద్ద డోలు కూడా దించారు. దాని వెనక మనిషెవరూ నిలబడలేదు. ఒటీలియా చూసింది గానీ, పట్టించుకునే స్థితిలో లేదు.

"తలుపు కొలిచారా మహూల్కా?"

"కళ్ళతో కొలిచానమ్మా. ఎన్ని ఇళ్ళు చూశాను!"

జీవితమంతా గొలుసు పట్టుకుని పొలాలు కొలిచిన క్విడో ఆ మాట వింటే పెట్టెలోంచి లేచేవాడే. పలకలు వేశారు, పియానోని అడ్డంగా పైకి దొర్లించారు, "ఒకటి, రెండు, మూడు!" అని తోశారు. తలుపు నడుములోకి వచ్చేసరికి సీసాకి బిరడా బిగించినట్టు ఒక చప్పుడైంది. పియానో ఆగిపోయింది.

"చెమ్మకి చెక్క ఉబ్బినట్టుందర్రా. ఇంకొక్క తోపు తొయ్యండి," అన్నాడు మహూల్కా.

అదే పొరపాటు. ఆ తోపుకి ముందు అది లోపలికి మాత్రమే పోయేది కాదు. ఆ తోపు తర్వాత వెనక్కి కూడా రాలేదు.

"ఏమిటిది? వెలుగు పోయిందేమిటి?" అని లోపల్నుంచి ఫాదర్ మెటోదేయ్ గొంతు వినిపించింది.

"వెనక తలుపు తియ్యండి!" అన్నారు ఎవరో. చలికి పొయ్యి పెట్టినప్పుడే దానికి అడ్డంగా గోడ కట్టేశామని చెప్పాడు కాపలాదారు, కొంచెం గర్వంగానే.

లెక్క చూస్తే ఇలా తేలింది. లోపల క్విడో, ఫాదర్, చెలోతో డాక్టరు, ఖాళీ కుర్చీ. బయట భార్య, వయొలిన్ పట్టుకుని రాదానా, ఇత్తడి బ్యాండు, బకెట్లతో సగం ఊరు. మధ్యలో పియానో. దాని వాయించే మెట్లు మాత్రం దేవుడి దయవల్ల బయటి వైపుకే ఉన్నాయి.

ఒటీలియా మునివేళ్ళ మీద లేచి చూసింది. పియానో పైన జానెడు సందు ఉంది. అందులోంచి తెల్ల చామంతుల దండ ఒకటి, పెట్టె మూల ఒకటి కనిపించాయి. ఇంకేమీ కనిపించలేదు. చివరిసారి ఆయన పక్కన కూర్చుందామనుకుంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన పక్కన కూర్చుని వాయించిన పియానోనే ఇప్పుడు అడ్డం. చర్చి గంట పది కొట్టింది.

"స్టూలు తీసుకురండి. రాదానా, వయొలిన్ తియ్యి."

"ఇలాగా అక్కా? గుమ్మంలోనా?"

"ఇలాగే. డాక్టర్‌గారూ! వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది వదినా! కనిపించడమే లేదు."

"కనిపించక్కర్లేదు. నేను మొదలెట్టాక రెండు లెక్కపెట్టి రండి."

"మరి నా నాలుగు మాటలు?" అని అడిగాడు ఫాదర్.

"తర్వాత, ఫాదర్."

మొదలుపెట్టారు. పియానో నెమ్మదిగా అడుగు వేసింది. గోడ అవతలినుంచి చెలో ఊఁ అంది. వయొలిన్ సన్నగా ఊఁ అంది. మధ్యలో పాట ఉండవలసిన చోట నవంబరు గాలి ఉంది. జనం ఓపిగ్గా విన్నారు.

"శ్రుతి చేసుకుంటున్నారు," అని ఒకావిడ పక్కావిడకి చెప్పింది.

"ఎంతసేపే?"

"తోసినప్పుడు ఏదో విరిగినట్టుంది. అసలు ముక్క మోగడం లేదు."

ఒటీలియాకి ఇవేవీ వినిపించలేదు. ఆమెకి వయోలా వినిపిస్తోంది. ఎక్కడ బరువు తగ్గిస్తాడో, ఎక్కడ గొంతు కాస్త వణుకుతుందో, అంతా. పాట సగంలో ఒకచోట క్విడో ఎప్పుడూ కమాను ఎత్తి, ఒక్క ఊపిరి ఆగేవాడు. కాగితం మీద అక్కడ విరామం లేదు. "అక్కడ ఆగమని స్కౌమాల్ రాయలేదు" అని ఆమె ముప్ఫై ఏళ్ళు దెబ్బలాడింది. "పాపం రాయడం మరిచిపోయి ఉంటాడు" అని ముప్ఫై ఏళ్ళూ ఆయన అదే సమాధానం చెప్పాడు. ఆమె నాలుక చప్పరించి, అతను మళ్ళీ వచ్చేదాకా ఆగేది.

ఇప్పుడు ఆ చోటు వచ్చింది. ఆమె వేళ్ళు వాటంతటవే ఆగాయి. ఆగాక, ఎవరి కోసం ఆగాయో తెలియలేదు. రాదానా ముందుకి పోయి, తడబడి, వెనక్కి వచ్చింది. ఇక నుంచీ ఇక్కడ ఆగనవసరం లేదు అనుకుంది ఒటీలియా. పంతులు రాసింది రాసినట్టు వాయించుకోవచ్చు. అడ్డుపడేవాడు లేడు. ఇన్నాళ్ళూ ఎవరు ఏం చెప్పి ఓదార్చినా గుండెకి తగలనిది, అప్పుడు తగిలింది.

పాట రెండోసారి మొదలయ్యే చోట, ఆమె వీపు వెనకనుంచి బూర ఒకటి లేచింది.

ఇగ్నాత్స్. మాట తప్పి ఊదుతున్నాడు! ఒటీలియాకి ఒళ్ళు మండింది. చేతులు ఖాళీగా ఉంటే లేచి వెళ్ళి చెంప పగలగొట్టేదే. కానీ చేతులు వాయిస్తున్నాయి. అతను ఊదుతున్నది వయోలా పాట. తప్పు లేకుండా, మెత్తగా, మాంసం కొట్టే చేతులున్న మనిషి ఊదుతున్నట్టు కాకుండా ఊదుతున్నాడు. వీడికెలా తెలుసు? ఈ రచన ఉన్న కాగితాలు లోకంలో ఒక్కచోటే, తన అలమరలోనే ఉన్నాయి. ఆ ఆలోచన తెగకముందే పాట సగానికి వచ్చింది.

ఇగ్నాత్స్ అక్కడ ఆగాడు. ఒక్క ఊపిరి. అంతే పొడుగు, అదే మొండితనం.

ఒటీలియా నాలుక దానంతటదే చప్పరించింది. "అక్కడ ఆగకూడదని ఎన్నిసార్లు..." అని పైకే అనేసింది. ఆ మాట పూర్తికాలేదు. ఇన్ని రోజులుగా రానిది వచ్చేసింది. పియానో మెట్లు కనిపించకుండా పోయాయి. ముప్ఫై ఏళ్ళ అలవాటు కనక వేళ్ళు దారి తప్పలేదు. మెల్లిగా మిగతా బూరలు కూడా చేరాయి, ఇత్తడి ఎంత మెత్తగా ఉండగలదో అంత మెత్తగా. పాట ముగిసేసరికి సంత వీధి పెద్దావిడ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని ఏడుస్తోంది. ఆ నీళ్ళన్నీ పక్కవాళ్ళ బూట్లలోకి పోయాయి. ఎవరూ కాలు కదపలేదు.

ఒటీలియా స్టూలు మీద వెనక్కి తిరిగింది.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

ఇగ్నాత్స్ మహూల్కా వైపు చూశాడు. "చెప్పరా, ఇంకేం దాస్తాం," అన్నాడు మహూల్కా.

"ఆయనే నేర్పారు టీచరమ్మా. నోటితో పాడి."

"ఎప్పుడు?"

"మంగళవారాలు."

"మంగళవారాలు ఆయన నడుంనొప్పికి వేడినీళ్ళ స్నానానికి వెళ్ళేవారు."

ఎనిమిది మందీ తమ తమ బూట్లని పరీక్షగా చూసుకున్నారు.

"మీ బ్యాండులో వయోలా వాయించేవారా?"

"వయోలాతో మాకేం పనమ్మా?" అన్నాడు మహూల్కా. "పెద్ద డోలు. పదహారేళ్ళ నుంచీ ఆయనే. ఊరేగింపుల్లో వచ్చేవారు కాదు, మీరు చూస్తారని. మంగళవారాలే. 'ఇంట్లో నా వంతు ఎప్పుడొస్తుందా అని లెక్కపెడుతూ కూర్చుంటాను, ఇక్కడైతే కొట్టడమే' అనేవారు."

"మరి ఆ తలనొప్పి?"

"అది నిజమేనమ్మా. డోలు పక్కనే కదా నిలబడేది."

ఒటీలియా లేచి, పియానో పైన సందు దగ్గర మొహం పెట్టింది. "క్విడో! పదహారేళ్ళు! చెవుల్లో దూది కూడా పెట్టుకున్నావు!"

"ఆయన జవాబు చెప్పలేడమ్మా," అంది లోపల్నుంచి ఫాదర్ గొంతు, జాలిగా.

"చెప్పగలిగినప్పుడు మాత్రం చెప్పాడా ఫాదర్?"

"వదినా, ఒట్టు, నాకూ తెలీదు!" అని డాక్టరు లోపల్నుంచే కేక వేశాడు.

ఒటీలియా రాదానా వైపు తిరిగింది. రాదానా వయొలిన్‌ని తుడవడం మొదలుపెట్టింది. "అగ్నిమాపక కేంద్రం మా తపాలా ఆఫీసుకి ఎదురుగానే కదక్కా..."

"అంటే ఊరందరికీ తెలుసు."

గుంపులో ఎక్కడో రెండు బకెట్లు ఢీకొన్నాయి.

"మొన్న సాయంత్రం ఆ సంగతి చెబుదామనే వచ్చామమ్మా," అన్నాడు మహూల్కా. "తను పోతే ఈ పాట మమ్మల్ని వాయించమని ఆయనే అడిగారు. మీరు..."

"తలుపేశాను." ఆమె పియానో మూత వేసింది. "నాకెందుకు చెప్పలేదు? నేను వద్దంటాననా?"

"వద్దంటారని కాదమ్మా." మహూల్కా టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నవ్వుతారని."

ఒటీలియా ఆలోచించింది. క్విడో సన్నటి చేతులు, కొలతలు తప్పని ఆ మనిషి, పొట్ట మీద అంత పెద్ద డోలు.

"నవ్వేదాన్నే," అంది చివరికి. "ఎన్నాళ్ళయినా ఆపుకోలేకపోయేదాన్ని." అంత నవ్వు ఇంట్లో పదహారేళ్ళు ఉండి కూడా ఇద్దరికీ దక్కకుండా పోయింది.

క్విడోని బయటికి తేవడానికి ఇక కిటికీ ఒక్కటే దారి. "కిటికీల్లోంచి మనుషుల్ని దించడం మా వృత్తే కదమ్మా, మీరు కంగారుపడకండి," అన్నాడు మహూల్కా. నిజంగానే కంగారు పడవలసిన అవసరం రాలేదు. పట్టీలు కట్టి, చామంతి పువ్వొక్కటి కూడా రాలకుండా, పెట్టెని భుజాల మీదకి దించుకున్నారు. దాని వెనకే చెలో, చెలో వెనక డాక్టరు, చివరగా, చెప్పవలసిన నాలుగు మాటలూ మనసులోనే ఉంచుకుని ఫాదర్ మెటోదేయ్ దిగారు.

"పదహారేళ్ళు నాకు కనిపించకుండా బయటికి వెళ్ళాడు. ఇవాళొక్కరోజు చూశాను," అంది ఒటీలియా, రాదానా చెయ్యి పట్టుకుని.

పెట్టె వెనక నడక మొదలైంది. బ్యాండువాళ్ళు బూరలు చంకలో పెట్టుకుని మౌనంగా నడుస్తున్నారు. నాలుగడుగులు వేశాక ఒటీలియా ఆగింది.

"వాయించండి మహూల్కా."

"ఏది వాయించమంటారమ్మా?"

"ఆయనకి ఏది ఇష్టమో నాకేం తెలుసు? మీకే తెలియాలి."

వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఒక గంతులేసే పాట ఎత్తుకున్నారు, పెళ్ళిళ్ళలో ఆడామగా చేతులు పట్టుకుని గిరగిర తిరిగే పాట. దాన్ని చాలా నెమ్మదిగా వాయించారు. డోలు గడ్డి మీదే ఉండిపోయింది. దాని చోటుకి ఎవరూ వెళ్ళలేదు. పాటలో అక్కడక్కడా, దెబ్బ పడవలసిన చోట, బూరలన్నీ ఒక్కసారి తప్పుకుని చోటిచ్చేవి. ఏమీ పడేది కాదు. మళ్ళీ అందుకునేవి.

ఒటీలియాకి మొదట ఆ ఖాళీలు అర్థం కాలేదు. రెండోసారి అర్థమయ్యాయి. క్విడో వంతు ఇక్కడ కూడా అలాగే అట్టే పెట్టారు. అవి ఎక్కడెక్కడ వస్తాయో వింటూ నడిచింది. ఎంత గట్టిగా కొట్టేవాడో, కొట్టేటప్పుడు కళ్ళు మూసుకునేవాడో తెరిచేవాడో, ఊహించుకుంటూ నడిచింది. సమాధి దగ్గరికి చేరేసరికి ఆ ఖాళీలన్నీ ఆమెకి వచ్చేశాయి. పెట్టెని దించుతున్నప్పుడు చివరి ఖాళీలో ఆమె అరచేత్తో తన కోటు మీద మెత్తగా ఒక దెబ్బ వేసింది. పక్కనే ఉన్న ఇగ్నాత్స్ చూశాడు. చూడనట్టు బూరలోంచి నీళ్ళు వంపుకున్నాడు.

సత్రంలో సోంపుకూర పులుసుతో గొడ్డుమాంసం, గసగసాల రొట్టెలు పెట్టారు. ఫాదర్ తన నాలుగు మాటలు అక్కడ చెప్పాడు, నాలుగుకి మించి చెప్పాడు, ఎవరూ అడ్డుకోలేదు. మహూల్కా రెండో గ్లాసు తర్వాత, క్విడో డోలు మీద కూర్చుని సంగీత సిద్ధాంతం బోధించిన రోజుల్ని వర్ణించడం మొదలుపెట్టాడు. ఒటీలియా ప్రతిదీ విన్నది, మళ్ళీ చెప్పమని అడిగి విన్నది. తనకి తెలియని భర్త ఇంకా కొంచెం మిగిలి ఉన్నాడు. అతన్ని ఒక్కపూటలో పూర్తిచెయ్యడం ఇష్టం లేక, మిగతావి ఇంకో రోజు చెప్పమని లేచింది.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతోంది. ముందుగది ఒక్కసారిగా పెద్దదైపోయింది. గోడ మీద పియానో ఉన్నంత మేర రంగు వెలిసిపోకుండా మిగిలింది. నేల మీద దాని చక్రాల గుంటలు నాలుగు. ఒటీలియా కోటు విప్పకుండానే స్టూలు ఆ గుంటల ముందు వేసుకుని, గోడకేసి చూస్తూ చాలాసేపు కూర్చుంది. పిల్లి వచ్చి ఖాళీ అయిన చోటంతా వాసన చూసి, మధ్యలో పడుకుంది.

పియానోని తలుపులోంచి విడిపించడానికి జిల్లా కేంద్రం నుంచి వడ్రంగి రావలసి వచ్చింది. అతనికి తీరిక దొరికేసరికి నెల తిరిగింది. అన్నాళ్ళూ యాసెన్‌కాలో ఎవరూ చనిపోయే సాహసం చెయ్యలేదు.